రోసామెల్ ముక్కు

వాన తెరిపిచ్చిన మర్నాడు పొద్దున్నే ఎడెల్మీరా, ఆమె మొగుడు రోసామెల్ కొండవాలు మీద ద్రాక్ష కత్తిరింపు మొదలుపెట్టారు. ఇటాటా లోయలో పాయీస్ అనే పాతరకం ద్రాక్షకు పందిళ్ళు వెయ్యరు. ఒక్కో మొక్కా మోకాలెత్తు మొద్దులా నేల మీదే నిలబడి ఉంటుంది. దాని ముందు వంగి, నిరుటి కొమ్మలన్నీ కోసేసి, మొద్దు నుంచి చేతుల్లా చీలిన లావు కొమ్మల్లో ఒక్కో చేతికి, చిగురు వేసే రెండు కళ్ళున్న ముక్క మాత్రం వదలాలి. రోసామెల్ కత్తెర చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది. ఎడెల్మీరా ఒక్కో మొద్దునూ చుట్టూ తిరిగి చూసి, ఏ చెయ్యి ఉంచాలో ఏది తియ్యాలో తేల్చుకున్నాకే కోస్తోంది. అందుకని ఆమె వరస ఎప్పుడూ వెనకబడే ఉంటుంది. ఎర్రమట్టి ఇద్దరి బూట్లకూ పట్టి, ఎత్తిన ప్రతి అడుగూ బరువుగా లేస్తోంది.

కంచె అవతల ఒనోఫ్రే వాలు ఉంది. రెండేళ్ళ కిందటి దాకా అదీ ద్రాక్షే. కలప కంపెనీకి అమ్మేశాక పైన్ మొక్కలు నాటారు. అవి అప్పుడే మనిషి ఎత్తుకు వచ్చి నీడ ఇటువైపు పడుతోంది. కింద ఇంటి పక్కన మిగిలిన చిన్న చెక్కలో ఒనోఫ్రే ఇంకా ఒక పీపాడు వైన్ చేసుకుంటాడు. ఆ ఉదయం అతను కంచె దాటుకుని, కోటు జేబులో సీసా పెట్టుకుని వచ్చాడు. ఒనోఫ్రే వీళ్ళ కూతురికి బాప్తిస్మం నాడు ఎత్తుకున్న జ్ఞానతండ్రి. కూతురు పెళ్ళయి సముద్రం వైపు వెళ్ళిపోయినా, ఆ వరసతో వచ్చిన పిలుపులు, మగవాళ్ళకు కొంపాద్రే, ఆడవాళ్ళకు కొమాద్రే, వీళ్ళ మధ్య మిగిలాయి.

"కొంపాద్రే, దీన్నొకసారి చూసిపెట్టు. ఇంట్లో అందరూ బాగుందంటున్నారు. అందుకే భయంగా ఉంది," అన్నాడు.

రోసామెల్ కత్తెర నడుముకు దోపుకుని చేతులు దులుపుకున్నాడు. ఎడెల్మీరా అప్పటికే లేచింది.

"ఇటివ్వు కొంపాద్రే. సీసా మూతి నిండా బురద," అంటూ సీసా తీసుకుంది. బుట్టలోంచి గ్లాసు తీసి, ఆప్రాన్ కొసతో తుడిచి, వైన్ పోసింది. పోస్తున్నంతసేపూ గ్లాసు ఆమె గడ్డం కిందే ఉంది. తడిసి ముక్కిన గోనెసంచి వాసన కొట్టింది. గ్లాసు మొగుడికి అందించి, తలగుడ్డ ముడి బిగించుకుంది.

రోసామెల్ గ్లాసులో ముక్కు ముంచాడు. కళ్ళు మూసుకున్నాడు. ఆ చుట్టుపక్కల ఎవరి ఇంట వైన్ అయినా ఆ ముక్కు కిందికి రావలసిందే. అతను తలూపితే అమ్మేవాళ్ళు, ఊపకపోతే ఇంట్లోనే తాగేసేవాళ్ళు. కళ్ళు తెరిచి ఒకసారి ఎడెల్మీరా వైపు చూశాడు. ఆమె చెయ్యి ఇంకా ముడి మీదే ఉంది.

"ఎక్కడ పెట్టావు దీన్ని?" అని అడిగాడు.

"ఎక్కడేముంది, మా నాన్న నాటి పీపాలోనే."

"కడిగావా?"

"కడిగాను. అంటే, నీళ్ళు తిప్పాను."

"అదీ సంగతి. రోగం వైన్‌ది కాదు, పీపాది."

ఒనోఫ్రే చేతులు జోడించాడు. "చూశావా కొమాద్రే, ఈ ముక్కుకి గుడి కట్టాలి," అన్నాడు.

"దాంట్లోంచి ఇవాళే తీసెయ్. గంధకం పొగ పట్టించిన పీపాలోకి మారిస్తే ఇంకా దక్కుతుంది," అంది ఎడెల్మీరా.

రోసామెల్ ఆమె వైపు తిరిగాడు. "నేను చెబుతున్నాను కదా. ఇద్దరు చెబితే మనిషి ఎవరి మాట వినాలి? నువ్వు ఆ కొమ్మలు మోపు కట్టు."

ఒనోఫ్రే నవ్వాడు. "పోనీలే కొంపాద్రే. నీ పక్కన ఇన్నేళ్ళుంది, కొమాద్రేకి కూడా కాస్త ముక్కు మొలిచి ఉంటుంది."

రోసామెల్ కూడా నవ్వాడు. ఆ నవ్వు చూసి ఎడెల్మీరా వంగి కొమ్మలు ఏరడం మొదలుపెట్టింది.

పోయిన చలికాలం జ్వరం వచ్చి తగ్గాక రోసామెల్‌కి వాసన తెలియకుండా పోయింది. ఆ సంగతి ఆ ఇంట్లో ఇద్దరికే తెలుసు. అప్పటి నుంచీ వైన్ చెడితే ఆమె చెయ్యి తలగుడ్డ ముడి మీదికి పోతుంది, బాగుంటే కిందే ఉంటుంది. మొదట్లో ఎవరైనా సీసా తెచ్చి వెళ్ళిపోయాక అతను ఆమె భుజం మీద చెయ్యి వేసి కాసేపు ఉంచేవాడు. ఈ మధ్య వెయ్యడం లేదు. నటిస్తున్నాడని ఇన్నాళ్ళూ అనుకుంది. ఇప్పుడతను నటించడం లేదని, ఒనోఫ్రే మెచ్చుకున్నది నిజంగా తన ముక్కునే అని నమ్ముతున్నాడని ఆమెకు తోచింది.

"గురువారం వస్తుందటగా ఆ పట్నం అమ్మాయి?" ఒనోఫ్రే అడుగుతున్నాడు.

"వస్తుంది. పాత తోటల వైన్ కావాలట. నా పేరు విని వస్తోంది."

"కుదిరితే సరే. కుదరకపోతే కలప కంపెనీ వాళ్ళు మీ గేటు దగ్గర బండి ఆపడం మానరు. నాకు తెలుసు వాళ్ళ సంగతి."

"కుదరకపోతే పై వాలు వాళ్ళదే. వచ్చేవారం జవాబు చెబుతానన్నాను," అన్నాడు రోసామెల్. చెప్పి కత్తెర తీసుకుని వరసలోకి వెళ్ళిపోయాడు.

ఎడెల్మీరా కట్టిన మోపులోని కొమ్మలు ఆ పై వాలు మొద్దులవే. వాటి మొదళ్ళు ఆమె నడుమంత లావు. ఎవరు నాటారో రోసామెల్ తాతకు కూడా తెలియదు.

*

బుధవారం ఆమె వైన్ కొట్టు ఊడవడానికి వెళ్ళింది. మట్టిగోడల కొట్టు అది. లోపల రౌలీ అనే చెట్టు చెక్కతో చేసిన నాలుగు పాత పీపాలు, గోడకు ఆనించిన వెదురు తడక ఉన్నాయి. కోతల్లో ఆ తడకను తొట్టి మీద పరిచి, గుత్తులు దాని మీద వేసి అరచేతులతో రుద్దుతారు. పళ్ళు కిందికి రాలుతాయి, కాడలు పైన మిగులుతాయి. ఈ ఏడాది ఎప్పుడు కొయ్యాలో, తొట్టిలో పొంగు ఎప్పుడు ఆగిందో, ఎప్పుడు పీపాలకు ఎక్కించాలో అన్నీ ఆమే చెప్పింది. రాత్రి అన్నం దగ్గర అతనికి చెప్పేది, పొద్దున అతను కూలీలకు చెప్పేవాడు.

నేల మీద నీళ్ళు చల్లి, చీపురుతో గుమ్మం వైపు తోసింది. తర్వాత ఒక్కో పీపా బిరడా తీసి వాసన చూసింది. మొదటిది నెమ్మదిగా ఉంది. రెండోది ఇంకా కుదురుకోలేదు కానీ శుభ్రంగా ఉంది. మూడోదాని దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడింది. దానికి ఎండిన చెర్రీపళ్ళ వాసన, వాన పడ్డ కొత్తలో ఈ కొండ మీద లేచే మట్టి వాసన ఉన్నాయి. బిరడా పెట్టేసి మూలనున్న నాలుగో పీపా దగ్గరికి వచ్చింది.

బిరడా సగం తీయగానే ముక్కు పుటాలు మండాయి. పుల్ల తగిలించి చూస్తే వైన్ పైన జానెడు ఖాళీ ఉంది. ఆ ఖాళీ నింపడానికని ఆకులు రాలే రోజుల్లో ఒక పెద్ద సీసా విడిగా దాచింది. రోసామెల్ దాన్ని ఒనోఫ్రే ఇంట్లో పండగకి పంపేశాడు. పీపా నింపాలి కదా అంటే, ఏమీ కాదు, నాకు తెలుసు అన్నాడు. ఆ ఖాళీలో గాలి చేరి పీపా అంతా పులిసిపోయింది, ఇప్పుడది వైన్ కాదు. ఉల్లిపాయ ముక్కలు నానబెట్టుకోవడానికి పనికొస్తుంది.

చేతులు తుడుచుకుని పెరట్లోకి వెళ్ళింది. రోసామెల్, ఒనోఫ్రే బల్ల మీద కూర్చుని సానరాయి మధ్యన పెట్టుకుని కత్తెరలు నూరుకుంటున్నారు.

"రోసామెల్, ఆ మూల పీపా..."

"ఏం, కారుతోందా?"

"కారడం లేదు. ఒకసారి లోపలికి రా, చెబుతాను."

"ఏం చెబుతావు? ఇక్కడే చెప్పు."

ఒనోఫ్రే ఉన్నాడు. అతని ముందు చెప్పే మాట కాదది. "నువ్వొకసారి వచ్చి చూడు," అంది.

"దాన్ని ఆదివారమే చూశాను. బ్రహ్మాండంగా ఉంది." కత్తెర అంచు మీద బొటనవేలు ఆనించి చూసుకుంటూ అన్నాడు. "చూడు ముసలీ, ఆ అమ్మాయి వచ్చేది వైన్ కోసం. వైన్ సంగతి నాకు వదిలెయ్. నువ్వు రొట్టె మాడకుండా చూసుకో చాలు."

ఒనోఫ్రే ఈసారి నవ్వలేదు. సానరాయి మీద నీళ్ళు చిలకరించాడు.

ఆదివారం అతను కొట్టులోకి వెళ్ళిన మాట నిజమే. గ్లాసు నింపుకుని, పీల్చి, తలూపి, బయటికి వచ్చాడు. ఆమె అప్పుడు పక్కన లేదు, కోళ్ళకు గింజలు చల్లుతోంది.

"సరే," అంది.

వంటింట్లోకి వెళ్ళి పిండిలో పందికొవ్వు వేసి కలపడం మొదలుపెట్టింది. మామూలుగా కలిపేదానికన్నా చాలాసేపు కలిపింది. అన్నం దగ్గర అతను పట్నం అమ్మాయికి ఏ పీపా ముందు చూపించాలో, ఏది తర్వాత చూపించాలో చెబుతుంటే విన్నది. మూల పీపా ఆఖర్న చూపిస్తానన్నాడు. అప్పుడు చెప్పవచ్చు. ఒనోఫ్రే లేడు, ఎవరూ లేరు. ఆమె లేచి గిన్నెలు తీసింది.

*

గురువారం మధ్యాహ్నం బురదలో ఊగుతూ బండి వచ్చింది. హవియేరా అనే ఆ అమ్మాయి ముప్ఫై ఏళ్ళ మనిషి. కొత్త బూట్లు వేసుకుంది కానీ బురదలో దిగడానికి వెనకాడలేదు. నేరుగా రోసామెల్ దగ్గరికి వచ్చి చెయ్యి కలిపింది.

"దోన్ రోసామెల్, మీ గురించి ఎంత విన్నానో. ఈ లోయలో మీ ముక్కు దాటి ఏ వైన్ బయటికి రాదంటారు."

"జనం అంటారు తల్లీ. జనం నోటికి పనుండాలిగా," అన్నాడు. అతని ముఖం వెలిగింది.

ఎడెల్మీరాని చూసి హవియేరా బుగ్గకు బుగ్గ ఆనించింది. "దోన్యా ఎడెల్మీరా, రొట్టె వాసన గేటు దాకా వస్తోంది. మీరూ వైన్ పనిలో సాయం చేస్తారా?"

ఆమె నోరు తెరిచేలోగా రోసామెల్ అన్నాడు. "ఆవిడ రాజ్యం వంటిల్లు. చూద్దువుగాని, ఆ రొట్టె తిన్నాక నా వైన్ మర్చిపోతావు."

మర్యాదగానే అన్నాడు. హవియేరా కూడా మర్యాదగానే నవ్వి, అతని వెంట కొట్టులోకి నడిచింది. ఎడెల్మీరా నిప్పుల బూడిదలో కాల్చి దులిపిన రొట్టె, సాసేజీ, ఉల్లి పచ్చడి పట్టుకుని వెనక వెళ్ళింది. కొట్టులో బోర్లించిన తొట్టి మీద అవి పెట్టి, గ్లాసులు తీసుకుని మొదటి పీపా కుళాయి తిప్పింది.

మొదటి మూడు పీపాలూ సాఫీగా జరిగాయి. ఆమె పోసి ఇచ్చింది. రోసామెల్ గ్లాసు తీసుకుని ఒక్కసారి ఆమె చేతుల వైపు చూసి, ముక్కు ముంచాడు. హవియేరా అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పాడు. మూడో పీపా దగ్గర, "దీంట్లో ఎండు చెర్రీ ఉంది. వెనకాల తొలకరి మట్టి ఉంది, ఈ కొండదే," అన్నాడు. ఆకులు రాలే రోజుల్లో అన్నం దగ్గర ఎడెల్మీరా చెప్పిన మాటలు అవి, ఆమె చెప్పిన వరసలోనే.

హవియేరా కళ్ళు మూసుకుని తాగింది. "ఎప్పుడు కొయ్యాలో ఎలా తేల్చుకున్నారు?"

"గింజ నమిలి చూస్తాను తల్లీ. పచ్చిగా ఉంటే పళ్ళకి అతుక్కుంటుంది. పటుక్కుమంటే కోతకు వచ్చినట్టు. ప్రతి పొద్దునా పై వాలు దాకా వెళ్ళి నమిలేవాణ్ణి."

ఆ రోజుల్లో అతనికి మోకాలు నొప్పి. పై వాలుకు పొద్దున్నే వెళ్ళింది ఎడెల్మీరా. ఆమె సాసేజీ కొయ్యడానికి కత్తి తీసుకుంది. అబద్ధం చెబుతున్నవాడి గొంతు అయితే ఎక్కడో ఒకచోట తడబడాలి. అతని గొంతు తడబడలేదు.

"మరి ఆ మూల ఉన్నది?" అని అడిగింది హవియేరా.

"దాన్ని ఆఖర్న చూపిద్దామనే ఉంచాను." రోసామెల్ తనే వెళ్ళి కుళాయి తిప్పాడు. రెండు గ్లాసులు నింపి, ఒకటి ఆమెకిచ్చి, రెండోది పైకెత్తి వెలుగులో తిప్పాడు. రంగు బాగానే ఉంది. ముక్కు ముంచాడు. కళ్ళు తెరిచి ఎడెల్మీరా వైపు చూశాడు.

ఆమెకు ఆ చూపు తెలిసింది. కత్తి సాసేజీలోకి దిగింది. ఒక ముక్క పళ్ళెంలో పడింది. తలగుడ్డ ముడి దాకా చెయ్యి ఎత్తడం పెద్ద పనేమీ కాదు. ఆమె ఇంకో ముక్క కోసింది.

హవియేరా గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. తాగలేదు. ముఖంలో ఏమీ చూపించకుండా రోసామెల్ ఏమంటాడా అని ఎదురుచూస్తోంది.

రోసామెల్ మళ్ళీ పీల్చాడు. ఈసారి గట్టిగా, చప్పుడయ్యేలా పీల్చాడు. మళ్ళీ ఎడెల్మీరాని చూశాడు. ఆమె తలెత్తలేదు. బాగున్న వైన్ దగ్గర ఆమె చేతులు ఎలా ఉంటాయో అలాగే కిందే ఉన్నాయి, కానీ అవి అతనితో ఏమీ మాట్లాడటం లేదని అతనికి అర్థమైంది. నిన్న పెరట్లో ఆమె ఏదో చెప్పడానికి వచ్చిన సంగతి గుర్తొచ్చిందేమో, పీపా వైపు ఒకసారి తిరిగి చూశాడు. బాగుందనబోయాడు.

గ్లాసు పీపా మీద పెట్టాడు. అది చెక్క మీద కొద్దిగా ఊగి నిలబడింది.

"అమ్మాయీ," అన్నాడు, "నాకు వాసన తెలీదు. పోయిన చలికాలం నుంచీ. ఇది మంచిదో చెడ్డదో నేను చెప్పలేను."

హవియేరా చేతిలోని గ్లాసు కిందికి దించింది.

"ఇందాక చెప్పినవన్నీ ఆవిడవి. చెర్రీ, మట్టి. గింజలు నమిలింది కూడా ఆవిడే." అతను ఇంకా ఏదో అనబోయి, తలుపు చట్రం తలకు తగలకుండా వంగి బయటికి వెళ్ళిపోయాడు.

ఎడెల్మీరా కత్తి కింద పెట్టింది. ఇలా అవుతుందని అనుకోలేదు. బాగుందంటాడని, ఆ అమ్మాయి ముఖం చిట్లిస్తుందని, తను అప్పుడు ఏదో ఒకటి సర్దుతుందని అనుకుంది. లేకపోతే అసలేమీ అనుకోలేదేమో.

"ఇది ఎలా ఉంది దోన్యా ఎడెల్మీరా?" గ్లాసు చూపిస్తూ అడిగింది హవియేరా.

"పులిసిపోయింది. తాగకు."

"కుళాయి తిప్పగానే నాకూ తెలిసింది. ఆయన బాగుందని అంటే బండెక్కి వెళ్ళిపోదామనుకున్నాను. అమ్మేవాళ్ళు చాలామంది అలాగే అంటారు. ఇది పులిసిందని మీకు ఎప్పటి నుంచి తెలుసు?"

"నిన్నటి నుంచి."

"ఆయనకు చెప్పలేదా?"

ఎడెల్మీరా తొట్టి మీద రాలిన రొట్టె ముక్కలు అరచేత్తో ఒకచోటికి చేర్చింది. "చెప్పబోయాను. తర్వాత చెప్పగలిగీ చెప్పలేదు," అంది.

హవియేరా తన గ్లాసు నేల మీద పారబోసి, మూడో పీపా దగ్గరికి వెళ్ళి మళ్ళీ నింపుకుంది. రెండో గ్లాసు కూడా నింపి ఎడెల్మీరాకి ఇచ్చింది. ఇద్దరూ నిలబడే తాగారు. మొదటి పీపా, మూడో పీపా తీసుకుంటానంది హవియేరా. రెండోది వసంతంలో వచ్చి చూస్తానంది.

"సీసా మీద దోన్ రోసామెల్ అని వేద్దామనుకున్నాం. ఇప్పుడు మీ పేరు వెయ్యాలి కదా. తోటలో మీ ఫోటో ఒకటి తీసుకోనా?"

"ఇవాళ వద్దు. చేతులు సాసేజీ వాసన."

"ఫోటోలో వాసన రాదు దోన్యా ఎడెల్మీరా."

"వద్దమ్మా," అంది. "నిన్నటి దాకా ఆయన మొహం, ఇవాళ నా మొహం. కొండ ఫోటో తీసుకో. పేరు సంగతి ఇద్దరం మాట్లాడుకుని చెబుతాం."

*

రోసామెల్ చీకటి పడ్డాక వచ్చాడు. ఒనోఫ్రే ఇంటికి కాదు, పై వాలుకు వెళ్ళాడని బూట్ల మట్టి చెప్పింది. ఆమె చెప్పింది: రెండు పీపాలు అమ్ముడుపోతాయి, ఈ ఏటికి వాలు మనదే. అతను విని తలూపాడు. ఆమె తిట్టు కోసం ఎదురుచూసింది. తిట్టి ఉంటే తన దగ్గరా జవాబులు ఉన్నాయి. అతను తిట్టలేదు. బూట్లు విప్పి పొయ్యి పక్కన పెట్టి పడుకున్నాడు.

శుక్రవారం ఇద్దరూ మళ్ళీ కత్తిరింపుకు వెళ్ళారు. అతని కత్తెర మునుపటిలా వేగంగా లేదు. వరసలో ముందుకు పోకుండా ఆమెకు రెండు మూడు మొద్దుల దూరంలోనే ఉన్నాడు. ఒకచోట ఆగి, "ఇందులో ఏ చెయ్యి ఉంచాలి?" అని అడిగాడు. కత్తెర కొసతో చూపించింది. అతను రెండోది కోశాడు.

మధ్యాహ్నం కోసిన కొమ్మలతో మంట వేసి, చిక్కుడుగింజల కూర కుండ దాని మీద పెట్టింది. రోసామెల్ ఎదురుగా రాయి మీద కూర్చుని చేతులు కాచుకుంటున్నాడు.

"ఇప్పుడేం వాసన వస్తోంది?"

ఎత్తిపొడుస్తున్నాడనుకుంది. "ఎక్కడ?" అంది.

"ఇక్కడే. ఊరికే. వైన్ గురించి కాదు." మంటలోకి చూస్తూ అన్నాడు. "ఏడాదయింది కదా. ఏముందో చెప్పు."

ఏడాదిగా ఆమె వాసనలు చెబుతూనే ఉంది. అవన్నీ పీపాల్లోవి, సీసాల్లోవి. మిగతావి అతను అడగలేదు, ఆమె చెప్పలేదు. గరిటె కుండ మీద పెట్టి ఒళ్ళో చేతులు ముడుచుకుంది.

"పచ్చికొమ్మ పొగ. కొంచెం తియ్యగా ఉంది. వాగు అవతల పసుపు పూల చెట్లు పూశాయి కదా, ఆ వాసన గాలి తిరిగినప్పుడల్లా వచ్చి పోతోంది."

"తేనెలా?"

"తేనెకి బూజు పడితే ఎలా ఉంటుందో అలా."

అతను తలూపాడు. "ఇంకా?"

"నీ కోటు. తడిసిన కుక్క."

"అది నువ్వు చెప్పక్కర్లేదు. కుక్క దాని మీదే పడుకుంటుంది." నోటి చివర నవ్వు కదిలింది. "ఇంకా?"

ఆమె కళ్ళు మూసుకుంది. తవ్విన మట్టి సంగతి చెప్పింది. ఒనోఫ్రే వైపు నుంచి వస్తున్న పైన్ జిగురు సంగతి చెప్పింది. ఆ ఒక్క వాసన తెలియకపోయినా బాధ లేదన్నాడు. ఎక్కడో ఎవరో గుర్రపు కొట్టం ఊడ్చారంది. ఎవరిదై ఉంటుందని ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. కొన్నింటికి మాటలు దొరక్క ఆగిపోయింది. అతను తొందర పెట్టకుండా కూర్చున్నాడు.

ఉన్నట్టుండి ఆమె కళ్ళు తెరిచి కుండ దింపింది. అప్పటికే ఆలస్యమైంది.

"అడుగంటింది," అంది. "మాటల్లో పెట్టావు. అడుగంతా మాడింది."

"తీసుకురా."

"తినలేం. ఒకటే మాడు వాసన."

రోసామెల్ లేచి వచ్చి ఆమె చేతిలోంచి గరిటె తీసుకున్నాడు. పైన తేటగా ఉన్నంతవరకూ ఆమె పళ్ళెంలోకి వంపాడు. తర్వాత కుండ వంచి పట్టుకుని, అడుగున అంటుకున్న నల్లటి గింజలు గోకి తన పళ్ళెంలో వేసుకున్నాడు. రాయి మీద కూర్చుని, రొట్టె తుంచుకుని తినడం మొదలుపెట్టాడు.

"నాకు తేడా తెలీదు," అన్నాడు. "నువ్వు తిను."